రైలును తనిఖీ చేసే విమానయాన శాఖ

భారతదేశంలో కొత్తగా వేసిన ఏ రైలుమార్గం మీదనైనా ప్రయాణికుల బండి నడవాలంటే, ఆ మార్గాన్ని పరిశీలించి సిఫారసు చేయవలసిన అధికారి రైల్వే శాఖకు లోబడినవాడు కాడు. ఆయన జవాబు చెప్పుకునేది పౌర విమానయాన మంత్రిత్వ శాఖకు. రైల్వే భద్రతా కమిషనర్ అని పిలిచే ఈ అధికారి పట్టాలను, వంతెనలను, సిగ్నళ్లను స్వయంగా చూసి, పరీక్షా రైలును నడిపించి సంతృప్తి చెందితేనే కొత్త మార్గం ప్రజలకు అందుబాటులోకి వస్తుంది. ప్రాణనష్టం కలిగిన పెద్ద ప్రమాదాలపై 1989 నాటి రైల్వే చట్టం కింద విచారణ జరిపేది కూడా ఆయనే. ఇటువంటి కమిషనర్లందరిపై లక్నోలో ఒక ప్రధాన కమిషనర్ ఉంటారు. దక్షిణ మధ్య విభాగానికి చెందిన కమిషనర్ కార్యాలయం సికింద్రాబాద్‌లో ఉంది. 2017 నవంబరులో మియాపూర్ నుంచి నాగోల్ దాకా హైదరాబాద్ మెట్రో తొలి పరుగు తీయడానికి ముందు కూడా ఇదే వ్యవస్థకు చెందిన మెట్రో రైలు భద్రతా కమిషనర్ ధ్రువీకరణ అవసరమైంది.

రైలుకూ విమానయాన శాఖకూ ఏమి సంబంధమన్న ప్రశ్న పైకి వింతగా కనిపించినా, దాని వెనుక ఉన్నది ఈ దేశపు ప్రజా రవాణా పాలనలో అన్నిటికంటే విలువైన సూత్రం: బండి నడిపేవారూ దాన్ని తనిఖీ చేసేవారూ ఒకే యజమాని కింద ఉండరాదన్నది. 1905లో రైల్వే బోర్డు ఏర్పడినప్పుడు ఇన్‌స్పెక్టర్లను ఆ బోర్డు కిందికే చేర్చారు. అంటే మార్గం వేసినవారు, బళ్లు నడిపినవారు, ప్రమాదం జరిగితే తప్పెవరిదో తేల్చేవారు అందరూ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. 1935 నాటి భారత ప్రభుత్వ చట్టం ఈ పద్ధతి మారాలని సూచించింది. 1937 జులైలో పాట్నా సమీపాన బిహ్టా దగ్గర రైలు పట్టాలు తప్పి వందమందికి పైగా మరణించిన తరువాత, ఆ రైలును లాగిన పసిఫిక్ తరహా ఇంజన్ల లోపాలను పరిశీలించడానికి నియమించిన కమిటీకి బ్రిటిష్ రైల్వేల ప్రధాన తనిఖీ అధికారి మౌంట్ అధ్యక్షత వహించాడు. తనిఖీ విభాగం బోర్డు నీడలో ఉండడం తగదన్న వాదనకు ఆ కమిటీ బలం చేకూర్చింది. 1940లో కేంద్ర శాసనసభ ఆ మేరకు తీర్మానించగా, 1941 మే నెలలో ఇన్‌స్పెక్టరేట్‌ను రైల్వే బోర్డు నుంచి విడదీసి తపాలా, వైమానిక శాఖకు అప్పగించారు. ఆ శాఖ తరువాతి కాలంలో చీలి, పేర్లు మార్చుకుని, చివరకు పౌర విమానయానం ఒక ప్రత్యేక మంత్రిత్వ శాఖగా నిలబడినప్పుడు రైలు తనిఖీదారులు కూడా దానితోనే ఉండిపోయారు. వారికి విమానాలతో పని లేదు. రైల్వేతో బంధం లేని ఇల్లు కావాలి, అది దొరికింది.

నడిపేవారికీ తనిఖీ చేసేవారికీ మధ్య కట్టిన ఈ గోడ ఎంత గట్టిదన్నది వేరే ప్రశ్న. కమిషనర్లుగా వచ్చేవారు సాధారణంగా రైల్వే ఇంజనీరింగ్ సర్వీసుల్లో పనిచేసినవారే. విచారణ ముగిశాక వారు చేసే సిఫారసులు రైల్వే బోర్డును కట్టడి చేయవు. బోర్డు కొన్నిటిని అంగీకరిస్తుంది, కొన్నిటిని పక్కన పెడుతుంది. 2012 ఫిబ్రవరిలో రైలు భద్రతను సమీక్షించిన అనిల్ కాకోద్కర్ కమిటీ ఈ బలహీనతను గుర్తించే, రైల్వేకు పూర్తిగా వెలుపల, చట్టం ద్వారా అధికారాలు పొందిన భద్రతా ప్రాధికార సంస్థ ఒకటి ఏర్పడాలని కోరింది. అది ఏర్పడలేదు. అయినా ఉన్న గోడ వల్ల కలిగే ప్రయోజనం 2023 జూన్ 2న ఒడిశాలోని బాలేశ్వర్ జిల్లా బహనగా బజార్ స్టేషన్ దగ్గర కనబడింది. షాలిమార్ నుంచి మన తీరం వెంబడి చెన్నై వెళ్లే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ ప్రధాన మార్గంలో సాగవలసింది లూప్ లైనులోకి, అంటే బళ్లను పక్కన నిలిపి ఉంచే మార్గంలోకి మళ్లి, అక్కడ ఆగి ఉన్న గూడ్సును ఢీకొన్నది. 290 మందికి పైగా మరణించారు. భద్రతా కమిషనర్ విచారణ ఆనాటి సిబ్బంది పొరపాటు దగ్గర ఆగలేదు. ఆ స్టేషన్ ఉత్తర కొసన సిగ్నల్ వలయంలో ఏళ్ల కిందట చేసిన మార్పును, ఆ రోజు లెవెల్ క్రాసింగ్ గేటు యంత్రం మార్చేటప్పుడు జరిగిన పనిలోని లోపాన్ని బయటపెట్టి, పాత తప్పు అప్పుడే పట్టుబడి ఉంటే ఈ ప్రమాదం జరిగేది కాదన్న అర్థం వచ్చేలా రాసింది. తమ శాఖ పాత పని మీదనే ఇటువంటి మాట రాయడం ఒక శాఖాధికారికి ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

గోడ ఒక్కటే చాలదు, యంత్రమూ కావాలి. సిగ్నల్‌ను దాటిపోతున్న బండిని దానంతట అదే ఆపగల కవచ్ పరికరానికి పరీక్షలు మన దక్షిణ మధ్య రైల్వేలోనే మొదలయ్యాయి. 1,465 కిలోమీటర్ల మేర దాన్ని తొలుత అమర్చిందీ ఇక్కడే. కాని 2023 అక్టోబరు 29 రాత్రి విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస ప్యాసింజరును రాయగడ ప్యాసింజరు వెనుక నుంచి ఢీకొని 14 మంది మరణించిన మార్గంలో ఆ పరికరం లేదు.

గోడ లేని ఆకాశం

రైళ్లకు తటస్థమైన కాపలాదారుగా ఎంచుకున్న ఆ మంత్రిత్వ శాఖే విమానాల విషయంలో తటస్థంగా లేదు. విదేశాలతో విమాన సర్వీసుల ఒప్పందాలు కుదుర్చుకునేది, చిన్న పట్టణాలకు విమానాలు నడపమని ఉడాన్ పథకం కింద సంస్థలను ప్రోత్సహించేది, విమానాశ్రయాల ప్రాధికార సంస్థకు యజమాని అయినది, 2022 జనవరిలో టాటాల చేతికి వెళ్లేదాకా ఎయిరిండియాను సొంతంగా నడిపినది ఈ శాఖే. అదే శాఖ కింద పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అంటే పత్రికల్లో డీజీసీఏ అని కనిపించే సంస్థ, పైలట్లకు లైసెన్సులు ఇచ్చి, విమానాలను తనిఖీ చేసి, నియమాలు రాసి, జరిమానాలు విధిస్తుంది. 2012 దాకా ప్రమాదాలపై దర్యాప్తు చేసిన విభాగం కూడా డీజీసీఏలోనే ఉండేది. ఆ ఏడాది జులైలో విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ, అంటే ఏఏఐబీ, వేరుపడింది కాని, వేరుపడి వెళ్లి చేరింది అదే మంత్రిత్వ శాఖ కిందికి. నడిపేవాడు వేరు, చూసేవాడు వేరు అన్న 1941 నాటి సూత్రాన్ని ఒక రవాణాకు కాపాడుతున్న ఇల్లు తన సొంత రవాణాకు మాత్రం దాన్ని వర్తింపజేసుకోలేదు.

ఈ సంగతి పాలకులకు తెలియనిదేమీ కాదు. 2013 ఆగస్టులో స్వయంప్రతిపత్తి గల పౌర విమానయాన ప్రాధికార సంస్థను ప్రతిపాదిస్తూ లోక్‌సభలో ఒక బిల్లు వచ్చింది. సభ కాలం ముగియడంతో అది రద్దయింది. ఆ బిల్లు సభలో ఉండగానే, 2014 జనవరి చివర అమెరికా విమానయాన పాలన సంస్థ భారత్‌ను రెండో శ్రేణికి దించింది. శ్రేణి తగ్గించడమంటే ఆ దేశపు విమానాలు చెడ్డవని కాదు, ఆ దేశపు పర్యవేక్షణ అంతర్జాతీయ ప్రమాణాలకు తగినంతగా లేదని; ప్రధాన కారణం శిక్షణ పొందిన ఇన్‌స్పెక్టర్ల కొరత. ఫలితంగా భారతీయ సంస్థలు అమెరికాకు కొత్త సర్వీసులు పెంచుకోలేకపోయాయి. విజయనగరం నుంచి వెళ్లిన అశోక్ గజపతిరాజు విమానయాన మంత్రిగా ఉన్న కాలంలో, 2015 ఏప్రిల్‌లో, మొదటి శ్రేణి తిరిగి దక్కింది. దానికోసం హడావిడిగా నియామకాలు జరిగాయి. పదేళ్లు గడిచాక, 2025 ఆగస్టులో పార్లమెంటు స్థాయీ సంఘం విమాన భద్రతపై సమర్పించిన నివేదికలో డీజీసీఏకు మంజూరైన 1,063 పోస్టుల్లో 553 మాత్రమే భర్తీ అయినట్లు తేలింది. విదేశీ సంస్థ మందలిస్తే ఏడాదిలో కదిలిన యంత్రాంగం, మందలింపు ఆగిన వెంటనే పాత నడకకు వచ్చిందని దీన్నిబట్టి అనుకోక తప్పదు.

1934 నాటి విమాన చట్టం స్థానంలో తెచ్చి, 2025 జనవరి 1 నుంచి అమలు చేసిన భారతీయ వాయుయాన్ అధినియమ్ ఈ లోపాన్ని సరిదిద్దడానికి మంచి అవకాశం. 2020లోనే ఒక సవరణ డీజీసీఏకు, ఏఏఐబీకి చట్టబద్ధ హోదా ఇచ్చి, గరిష్ఠ జరిమానాను 10 లక్షల నుంచి కోటి రూపాయలకు పెంచింది. కొత్త చట్టం ఆ హోదాను ఉంచుతూనే, ఈ సంస్థలన్నీ కేంద్ర ప్రభుత్వ పర్యవేక్షణలో, దాని ఆదేశాలకు లోబడి పనిచేయాలన్న నిబంధనను కూడా ఉంచింది. డీజీసీఏ ఆదేశంపై అప్పీలు చేసుకోవలసింది కేంద్ర ప్రభుత్వానికే.

విచిత్రమేమంటే, ఇదే రంగంలో స్వతంత్ర నియంత్రణ ఎలా ఉండాలో ప్రభుత్వానికి బాగా తెలుసు. శంషాబాద్ వంటి పెద్ద విమానాశ్రయాల్లో టికెట్‌తో పాటు వసూలయ్యే యూజర్ డెవలప్‌మెంట్ ఫీజు ఎంత ఉండాలన్నది 2008 నాటి చట్టం కింద ఏర్పడిన ఆర్థిక నియంత్రణ ప్రాధికార సంస్థ ఐదేళ్లకొకసారి లెక్కలు చూసి నిర్ణయిస్తుంది, దానిపై అప్పీలు మంత్రిత్వ శాఖకు కాక ఒక ట్రిబ్యునల్‌కు వెళ్తుంది. విమానాశ్రయ కంపెనీకీ విమాన సంస్థలకూ డబ్బు తగాదా వచ్చినప్పుడు గోడ కట్టడం అవసరమనిపించింది. ప్రయాణికుడి ప్రాణం విషయంలో అనిపించలేదు. కోర్టుకు వెళ్లగల స్తోమత ఉన్నవారి మధ్యే నిష్పాక్షికత వేగంగా పుట్టుకొస్తుందన్న అనుమానం కలగడం సహజం.

పైలట్ నిద్ర, పదిహేనేళ్ల కథ

గోడ లేకపోవడం కాగితం మీది లోపం కాదనడానికి పైలట్ల విశ్రాంతి నియమాల చరిత్రను మించిన సాక్ష్యం లేదు. 2010 మే 22 తెల్లవారుజామున దుబాయి నుంచి మంగళూరు వచ్చిన ఎయిరిండియా ఎక్స్‌ప్రెస్ విమానం, కొండ కొమ్మును చదును చేసి కట్టిన ఆ రన్‌వే మీద చాలా దూరం లోపలికి వచ్చాక నేలను తాకి, ఆగలేక కొస దాటి లోయలో పడింది. అందులోని 166 మందిలో 158 మంది మరణించారు. విశ్రాంత ఎయిర్ మార్షల్ గోఖలే నేతృత్వంలోని విచారణ న్యాయస్థానం, దిగే పద్ధతి గతి తప్పిందని తెలిసినా విమానాన్ని మళ్లీ పైకి లేపకపోవడమే ప్రమాదానికి ప్రత్యక్ష కారణమని తేల్చింది. దానికి తోడ్పడిన కారణాల్లో కెప్టెన్ ప్రయాణంలో ఎక్కువసేపు నిద్రపోవడాన్ని, గాఢనిద్ర నుంచి లేచిన వెంటనే మెదడు పూర్తిగా పదును అందుకోని స్థితిని చేర్చింది. కాక్‌పిట్ సంభాషణల రికార్డులో గురక వినిపించింది. అర్ధరాత్రి దాటాక మొదలై తెల్లవారుజామున ముగిసే సర్వీసు అది. రాత్రి రెండు నుంచి ఆరు గంటల మధ్య మనిషి శరీరం నిద్ర కోసం అన్నిటికంటే బలంగా పట్టుబట్టే వేళ.

పైలట్ రోజుకు, వారానికి ఎన్ని గంటలు పనిచేయవచ్చు, ఎంత విశ్రాంతి పొందాలి, రాత్రి ఎన్నిసార్లు విమానాన్ని దించవచ్చు అన్నవి నిర్దేశించే నిబంధనలను విమాన విధి కాల పరిమితులు అంటారు. 2011లో ఒకసారి, తరువాత మరికొన్ని సార్లు ఇవి మారాయి. పైలట్ల అలసటపై ఏళ్ల తరబడి ఫిర్యాదులు వచ్చిన మీదట 2024 జనవరిలో డీజీసీఏ గణనీయమైన సవరణ ప్రకటించింది: వారానికోసారి ఇచ్చే నిరంతర విశ్రాంతి 36 గంటల నుంచి 48 గంటలకు పెరిగింది, రాత్రి అన్న మాటకు నిర్వచనం తెల్లవారుజామున 5 గంటలతో కాక 6 గంటలతో ముగిసేలా మారింది, ఆ వేళల్లో ఒక పైలట్ చేయగల ల్యాండింగులు ఆరు నుంచి రెండుకు తగ్గాయి. ఈ నియమాలు అదే ఏడాది జూన్ 1 నుంచి అమలు కావలసింది. విమాన సంస్థలు సిబ్బంది చాలరని వాదించగా అమలు వాయిదా పడింది. పైలట్ల సంఘాలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్లాయి. ఆ వ్యాజ్యం నడిచాకే, 2025 జులై 1న ఒక విడత, నవంబరు 1న రెండో విడత అమలయ్యేట్టు గడువు ఖరారైంది. అంటే నియమం వెలువడిన నాటి నుంచి పూర్తి అమలు దాకా దాదాపు 22 నెలల వ్యవధి దొరికింది.

రెండో విడత మొదలై నెల తిరిగేసరికి, 2025 డిసెంబరు తొలి వారంలో, దేశీయ ప్రయాణికుల్లో 60 శాతానికి పైగా తన విమానాల్లో తీసుకువెళ్లే ఇండిగో సర్వీసులు కుప్పకూలాయి. డిసెంబరు 5 ఒక్కరోజే వెయ్యికి పైగా విమానాలు రద్దయ్యాయి. శంషాబాద్‌లోను, విశాఖలోను పెళ్లిళ్లకు, పరీక్షలకు, ఆస్పత్రులకు బయలుదేరిన జనం సామాన్ల మధ్య నేలమీదనే రాత్రులు గడిపారు. కొత్త విశ్రాంతి నియమాలకు సరిపడా పైలట్లను సంస్థ సిద్ధం చేసుకోకపోవడమే ప్రధాన కారణమని తరువాతి విచారణలో తేలింది. కాని ఆ రోజు డీజీసీఏ ముందున్న మార్గాలు రెండే: నియమాన్ని నిలబెట్టి ప్రయాణికులను మరికొన్ని వారాలు అవస్థ పడనివ్వడం, లేదా నియమాన్ని వదులుకోవడం. అది రెండో దారి పట్టి, రాత్రి విధులకు సంబంధించిన పరిమితుల నుంచి ఆ సంస్థకు 2026 ఫిబ్రవరి 10 దాకా మినహాయింపు ఇచ్చింది. భద్రత కోసం రాసిన నియమాన్ని ఉల్లంఘనకు సిద్ధపడిన సంస్థకే సడలించడం, సిద్ధపడి ఖర్చు పెట్టి పైలట్లను నియమించుకున్న సంస్థలను వెక్కిరించినట్లే అయింది.

అటు తరువాతి చర్యలు కఠినంగానే ఉన్నాయి. శ్రీకాకుళం ఎంపీ అయిన మంత్రి కింజరాపు రామ్మోహన్ నాయుడు విచారణకు ఆదేశించారు. డిసెంబరు 6న ప్రభుత్వం టికెట్ ధరలకు 500 కిలోమీటర్లలోపు 7,500, 1,500 కిలోమీటర్లు దాటితే 18,000 రూపాయల చొప్పున గరిష్ఠ పరిమితులు విధించింది. ఇండిగో షెడ్యూలును 10 శాతం తగ్గించింది. ఆ సంస్థ కార్యకలాపాలను చూడవలసిన నలుగురు ఫ్లైట్ ఆపరేషన్స్ ఇన్‌స్పెక్టర్లను డీజీసీఏ తొలగించింది. 2026 జనవరిలో విధించిన జరిమానా మొత్తం 22.20 కోట్ల రూపాయలు. అందులో 20.40 కోట్లు 68 రోజులకు రోజుకు 30 లక్షల చొప్పున లెక్కగట్టినవి. ఆ 68 రోజులు డీజీసీఏ తానే మినహాయింపు ఇచ్చిన డిసెంబరు 5 నుంచి ఫిబ్రవరి 10 దాకా ఉన్న కాలమే. నియమాన్ని పాటించని రోజులకు జరిమానా వేసిందీ, ఆ రోజుల్లో పాటించనక్కరలేదన్నదీ ఒకే కార్యాలయం కావడంలోని వైరుధ్యాన్ని ఏ అకౌంటెంటూ సరిచేయలేడు. నవంబరు 1కి ముందే సంస్థ దగ్గర ఎంతమంది పైలట్లున్నారో, వారితో ఎన్ని విమానాలు నడపగలదో చూసి, చలికాలపు షెడ్యూలుకు అనుమతి ఇచ్చే దశలోనే ఆపవలసిన పని అది.

దర్యాప్తు ఎవరిది

2025 జూన్ 12న అహ్మదాబాద్‌లో లండన్‌కు లేచిన ఎయిరిండియా బోయింగ్ 787 విమానం క్షణాల్లో వైద్య కళాశాల వసతి గృహంపై కూలి, విమానంలోని 242 మందిలో ఒక్కరు మినహా అందరూ, నేల మీద 19 మంది మరణించారు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 13వ అనుబంధం ప్రకారం దర్యాప్తు సంస్థ 30 రోజుల్లో ప్రాథమిక నివేదిక ఇవ్వాలి. ఏఏఐబీ ఆ గడువును పాటించింది. ఇంజన్లకు ఇంధనం అందించే రెండు స్విచ్చులు దాదాపు ఒక సెకను తేడాతో ఆగిన స్థితికి మారినట్లు, ఎందుకు ఆపావని ఒక పైలట్ అడిగితే తాను ఆపలేదని మరొకరు బదులిచ్చినట్లు ఆ నివేదిక చెప్పింది. ఎవరు ఏమన్నారో మాత్రం చెప్పలేదు. ఆ ఖాళీని ఊహాగానాలు నింపాయి. మరణించిన కెప్టెన్ తండ్రి స్వతంత్ర దర్యాప్తు కోరుతూ సుప్రీంకోర్టుకు వెళ్లారు.

ఏఏఐబీ అధికారుల నిజాయితీని శంకించడం ఇక్కడ ఉద్దేశం కాదు. డీజీసీఏ తనిఖీలో లోపముందని తేల్చవలసి వస్తే, ఆ డీజీసీఏపై అజమాయిషీ చేసే శాఖకే ఆ నివేదిక వెళ్తుందన్నది ఇబ్బంది. బ్రిటన్‌లో కూడా ప్రమాద దర్యాప్తు సంస్థ రవాణా శాఖలోనే ఉన్నా, నియంత్రణ సంస్థ ఆ శాఖకు వెలుపల వేరే ప్రాధికార సంస్థగా ఉంది. అమెరికా 1974 నాటి చట్టంతో దర్యాప్తు బోర్డును రవాణా శాఖ నుంచే తప్పించి నేరుగా ఆ దేశపు కాంగ్రెస్‌కు జవాబుదారీ చేసింది. ఏదో ఒక చోట గోడ ఉండడం ముఖ్యం. ఇక్కడ రెండూ ఒకే కప్పు కింద ఉన్నాయి.

హక్కులు, వాటి కొలతలు

విమాన ప్రయాణికుడికి హక్కులు లేవనడం తప్పు. ఉన్నాయి, రాసి ఉన్నాయి, తెలిసినవారు తక్కువ. టికెట్ ఉండి, సమయానికి వచ్చినా సీట్లకు మించి టికెట్లు అమ్మినందున ఎక్కనివ్వకపోతే, గంటలోపు మరో విమానం ఏర్పాటు చేయలేని సంస్థ పరిహారం ఇవ్వాలి: 24 గంటల్లోపు వేరే విమానం చూపితే మూల చార్జీ, ఇంధన చార్జీలకు రెట్టింపు, గరిష్ఠంగా 10,000 రూపాయలు, అంతకు మించితే నాలుగింతలు, గరిష్ఠంగా 20,000. ముందస్తు సమాచారం లేకుండా రద్దయితే ప్రయాణ కాలాన్ని బట్టి 5,000, 7,500, 10,000 రూపాయలు లేదా మూల చార్జీ, ఇంధన చార్జీల మొత్తం, రెండింటిలో ఏది తక్కువైతే అది. రాత్రి 8 నుంచి తెల్లవారి 3 మధ్య బయలుదేరవలసిన విమానం ఆరు గంటలకు మించి ఆలస్యమైతే హోటల్ వసతి. కొన్న తరగతి కంటే తక్కువ తరగతిలో కూర్చోబెడితే దేశీయ ప్రయాణంలో టికెట్ ధరలో 75 శాతం వాపసు. సంస్థ పట్టించుకోకపోతే ఎయిర్‌సేవ పోర్టల్, ఆపైన వినియోగదారుల కమిషన్ ఉన్నాయి.

ఈ నియమాల్లో రెండు రంధ్రాలున్నాయి. మొదటిది, సంస్థ చేతిలో లేని అసాధారణ పరిస్థితి అన్న మినహాయింపు; వాతావరణం, భద్రతా ముప్పు వంటివి న్యాయమైనవే కాని, అది నిజంగా అసాధారణమేనా అన్నది కౌంటరు దగ్గర నిర్ణయించేది సంస్థే, కాదని రుజువు చేసే భారం ప్రయాణికుడిది. రెండోది, ఆలస్యానికి భోజనం, వసతి, వాపసు తప్ప నగదు పరిహారం లేకపోవడం. ఐరోపా సమాఖ్య 2004 నాటి నిబంధన కింద దూరాన్ని బట్టి 250 నుంచి 600 యూరోలు రద్దుకు ఇస్తుంది; 2009లో అక్కడి న్యాయస్థానం మూడు గంటలు మించిన ఆలస్యానికి కూడా అదే వర్తిస్తుందని తీర్పు చెప్పింది. ఆలస్యం అక్కడ సంస్థకు ఖర్చు, ఇక్కడ ప్రయాణికుడికి.

ప్రాణం పోయినప్పుడు చట్టం కట్టే విలువలను పక్కపక్కన పెట్టి చూస్తే, మనిషి ఎక్కిన వాహనాన్ని బట్టి అతడి వెల ఎలా మారుతుందో తెలుస్తుంది. అంతర్జాతీయ విమానంలో మరణిస్తే, 1999 నాటి మాంట్రియల్ ఒప్పందం ప్రకారం తప్పుతో నిమిత్తం లేకుండా సంస్థ భరించవలసిన మొత్తం 2024 డిసెంబరు చివర నుంచి 1,51,880 ఎస్‌డీఆర్‌లు. ఎస్‌డీఆర్ అంటే అంతర్జాతీయ ద్రవ్యనిధి ఐదు కరెన్సీల విలువతో లెక్కగట్టే కొలత, ఆ మొత్తం మన డబ్బులో కోటిన్నర రూపాయలకు పైబడుతుంది. దేశీయ విమానంలో అదే బాధ్యత 2014 నాటి నోటిఫికేషన్ ప్రకారం 20 లక్షలు. రైలులో 2017 జనవరి నుంచి 8 లక్షలు. రోడ్డు మీద, తప్పెవరిదని అడగకుండా ఇచ్చేది 5 లక్షలు. పైకోర్టుల దాకా పోరాడగలిగితే కొందరికి ఎక్కువ దక్కుతుంది. మంగళూరు మృతుల్లో ఒకరి కుటుంబానికి సుప్రీంకోర్టు 7.64 కోట్లు ఇప్పించింది, అది 2020 మార్చిలో, ప్రమాదం జరిగిన పదేళ్లకు. రైలు ప్రయాణికుడికి 45 పైసలతో దొరికే 10 లక్షల ఐచ్ఛిక బీమా కూడా ఆన్‌లైన్‌లో టికెట్ కొన్నవారికే. బీమా అవసరం అందరికంటే ఎక్కువున్న జనరల్ పెట్టెలోని వలస కూలీకి అది లేదు. మృతుడి దగ్గర టికెట్ దొరకలేదన్న ఒక్క కారణంతో క్లెయిమ్ తిరస్కరించరాదని 2018లో సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది.

నలభై నాలుగో నంబరు రహదారి

రైలుకు గోడ ఉంది, బలహీనమైనది. విమానానికి గోడ కట్టాలన్న మాటైనా పార్లమెంటు సంఘాల నివేదికల్లో వినబడుతోంది. తెలుగువారిలో అత్యధికులు ఎక్కే బస్సు విషయంలో ఆ మాట కూడా లేదు. 2013 అక్టోబరు 30న బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు వోల్వో బస్సు పాలెం దగ్గర కల్వర్టును ఢీకొని తగలబడి 45 మంది సజీవ దహనమయ్యారు. పన్నెండేళ్ల తరువాత, 2025 అక్టోబరు 24న, అదే రహదారిపై కర్నూలు సమీపాన చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న స్లీపర్ బస్సు ఒక మోటారు సైకిలును ఈడ్చుకుపోయి అంటుకుంది. 19 మంది ప్రయాణికులు బయటపడలేకపోయారు. ఆ బస్సు రిజిస్ట్రేషన్ వేరే రాష్ట్రంలో జరిగిందని, సీట్ల బస్సును పడకల బస్సుగా మార్చారని అప్పుడు బయటికి వచ్చింది. పన్ను తక్కువున్న రాష్ట్రంలో రిజిస్టరై, అఖిల భారత పర్యాటక అనుమతితో, ఎన్నడూ తాను రిజిస్టరైన ఊరి ముఖం చూడకుండా రోజూ హైదరాబాద్, బెంగళూరుల మధ్య తిరిగే బస్సుకు ఎవరి పర్యవేక్షణ ఉందన్న ప్రశ్నకు ఏ రవాణా కార్యాలయమూ తనదని చెప్పదు.

ప్రభుత్వ బస్సుల్లో పరిస్థితి వేరుగా ఉందనుకోవడానికి లేదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించినప్పుడు అందులో వందమంది దాకా ఉన్నారు. మోటారు వాహనాల చట్టం ప్రభుత్వ రవాణా సంస్థలకు, పరిహారం చెల్లించడానికి ప్రత్యేక నిధి పెట్టుకున్న పక్షంలో, తప్పనిసరి బీమా నుంచి కూడా మినహాయింపు ఇవ్వగలదు. 2019 సవరణ తరువాత క్లెయిమ్ వేయడానికి బాధితులకు ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలే గడువు. అదే సవరణ కల్పించిన జాతీయ రహదారి భద్రతా బోర్డు సలహాలు మాత్రమే ఇవ్వగలదు. ఏ బస్సు ఎందుకు తగలబడిందో దర్యాప్తు చేసే అధికారం దానికి లేదు. ప్రమాదం జరిగిన మర్నాడు కాలిన బస్సును పరిశీలించి సాంకేతిక నివేదిక రాసే మోటారు వాహనాల తనిఖీ అధికారి, బస్సులకు ఫిట్‌నెస్ ధ్రువపత్రాలు ఇచ్చే రవాణా శాఖకే చెందినవాడు.